తొమ్మిది వందల ఎనభై

3, సోమవారం

పెద్ద ఫ్యాను ఈ రోజు మొదటిసారి తిరిగింది. బాయిలరు పొగను లాగి గొట్టంలోకి తోసే ఫ్యాను. రెక్కల చక్రం ఒక్కటే రెండు టన్నుల దాకా ఉంటుంది. దాని కింద ఉన్న కాంక్రీటు దిమ్మె లెక్క నాది. ఆ ఫ్యానుని నడిపేది మా అన్నయ్య. పని మా ఆఫీసుకి దాని దారిన అది వచ్చింది తప్ప ఇందులో అన్నయ్య గొప్పేమీ లేదు. అయినా చెల్లెల్ని తనే రికమెండ్ చేసినట్టు షిఫ్టులో అందరికీ చెప్పుకున్నాడట.

డ్యూటీ దిగి వస్తూనే మెట్ల కింద నిలబడి కేకేశాడు.

"లెక్కలమ్మా, బిళ్ళ నిలబడిందే."

మిషను నడుస్తుండగా దిమ్మె మీద నాణేన్ని అంచున నిలబెట్టి చూడటం వాళ్ళ అలవాటు. పడకపోతే పునాది మంచిదన్నమాట. నేను నలభై పేజీల్లో చెప్పినదాన్ని వాళ్ళు ఒక్క నాణెంతో తేల్చేస్తారు. పైకి నవ్వేశాను గానీ లోపల పొంగిపోయాను. అన్నయ్య పదో తరగతి లెక్కల్లో మూడుసార్లు తప్పాడు. ఆ మనిషి రోజుకి ఎనిమిది గంటలు నా లెక్క మీద నిలబడి పనిచేస్తాడు.

ఇప్పటికి డెబ్బై శాతం వేగమే. కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోయి ఇరవై ఒకటిన, శుక్రవారం, పూర్తి వేగం.

5, బుధవారం

నాణెం నిలబడింది. రోజూ అడగొద్దని అన్నయ్య విసుక్కున్నాడు. రేపు కూడా అడుగుతాను.

8, శనివారం

వదిన బట్టలు ఆరేయడానికి మేడ మీదికి వచ్చి, ఇంతకీ నువ్వు చేసే లెక్కేంటమ్మాయ్ అని అడిగింది. ఆమె పెళ్ళయి ఈ ఇంటికొచ్చిన తొమ్మిదేళ్ళలో ఎవరైనా నన్ను ఆ మాట అడగడం ఇదే మొదలు, అందుకని కూర్చోబెట్టి చెప్పాను. తిరిగే చక్రం ఎంత బాగా చేసినా దాని బరువు సరిగ్గా నడిమధ్యన ఉండదు, వెంట్రుకవాసి పక్కకుంటుంది. ఆ వెంట్రుకవాసి వల్ల తిరిగిన ప్రతిసారీ పునాదిని అటూ ఇటూ గుంజుతుంది. వేగం రెట్టింపైతే గుంజుడు నాలుగింతలు. అది ఒక భయం. రెండోది, ప్రతి దిమ్మెకీ తనదైన ఊపు ఒకటి ఉంటుంది. మిషను వేగం ఆ ఊపుతో కలిసిందా, చిన్న గుంజుడే పెరిగి పెరిగి దిమ్మెను ఊపేస్తుంది. ఆ రెండూ కలవకుండా చూడటమే నా ఉద్యోగం.

వదిన ముఖం చూసి, నా గదిలో సీలింగు ఫ్యాను వేసి చూపించాను. రెగ్యులేటరు మూడులో పెడితే పూనకం వచ్చినట్టు ఊగుతుంది. ఐదులో పెడితే ఏమీ ఎరగనట్టు తిరుగుతుంది. మూడు దగ్గర రెండూ కలిశాయి, అంతే అన్నాను. మరి దీన్ని బాగుచేయించవేం అంది వదిన. దానికి నా దగ్గర లెక్క లేదు.

ఆఫీసులో పెద్దాయన అందరి ముందూ మెచ్చుకున్నారు. ఎర్ర పెన్ను మాస్టారికి కూడా సగం పేరు దక్కింది. మేం చేసిన ప్రతి లెక్కనీ తనిఖీ చేసేది ఆయనే. ప్రతి అంకె మీదా ఎర్ర సిరాతో టిక్కు పెడతారు. కంటితో చూసిందానికే టిక్కు, విన్నదానికి కాదు. ముప్ఫై ఏళ్ళుగా అదే పట్టు. ఆయన సంతకం లేనిదే మా ఆఫీసు నుంచి చీటీ ముక్క బయటికి పోదు.

10, సోమవారం

ఎనభై శాతం. నాణెం నిలబడింది. నాలుగోసారికి నిలబడిందట. పొద్దున టీ తాగలేదు, నా చెయ్యే వణికిందేమో అన్నాడు అన్నయ్య.

ఈ వేగానికి నా లెక్క ప్రకారం దిమ్మె కదలిక మనిషి వేలికి కూడా తెలియకూడదు. చెయ్యే వణికి ఉంటుంది. రేపు ఊరికే ఒకసారి ఫైలు చూస్తాను.

11, మంగళవారం

ఫైలు తీశాను. మొదటి పేజీ చూశాను. మళ్ళీ బీరువాలో పెట్టేశాను.

తలనొప్పి. ఈ రోజు ఇంకేమీ జరగలేదు.

12, బుధవారం

రాస్తే తగ్గుతుందేమో.

నిన్న నా మొదటి పేజీ పక్కన, ఫ్యాను తయారుచేసినవాళ్ళు పంపిన కాగితం పెట్టి చూశాను. వాళ్ళ కాగితంలో రెండు వరుసలున్నాయి. మోటారు వేగం నిమిషానికి 980 చుట్లు. ఫ్యాను వేగం 1470. రెంటికీ మధ్య బెల్టు ఉంది, పుల్లీల తేడా వల్ల మోటారు రెండు చుట్లు తిరిగేలోపు ఫ్యాను మూడు చుట్లు తిరుగుతుంది. నా మొదటి పేజీలో ఫ్యాను వేగం అని రాసి, ఎదురుగా 980 అని ఉంది.

అంతకుముందు చేసిన పనిలో ఫ్యాను నేరుగా మోటారుకే తగిలించి ఉండేది. అక్కడ వేగం ఒక్కటే. తొందరలో ఆ లెక్కనే కాపీ చేసుకుని బరువులూ కొలతలూ మార్చుకుంటూ పోయాను. వేగం గడి దగ్గరికొచ్చేసరికి అలవాటు కొద్దీ మోటారు వరుస చూసి వేశాను. వేశానేమో.

1470 అయితే గుంజుడు రెండుంబావు రెట్లు. దానికి భయం లేదు, దిమ్మె బలమైనదే. భయం రెండోదాని గురించి. దిమ్మె సొంత ఊపు 1450. మిషను వేగానికి అది ఇరవై శాతం దూరంలో ఉంటే చాలంటారు. నేను అతిజాగ్రత్తకి పోయి, దిమ్మెను వెడల్పు చేసి మరీ, దాదాపు యాభై శాతం దూరం జరిపాను. 980 నుంచి దూరం దూరం జరిపి తీసుకెళ్ళి 1470 పక్కన కూర్చోబెట్టాను. పెనం మీంచి పొయ్యిలోకి.

కూర్చోబెట్టానని తేలలేదు. అనుమానం మాత్రమే. పుల్లీలు తర్వాత మార్చి ఉండొచ్చు కదా. కాగితం మీద ఒకటి రాసి ఇంకొకటి బిగించేవాళ్ళు లేరా.

ఇంకొకటి గుర్తొస్తోంది, రాయాలని లేదు. ఆ లెక్క మాస్టారికిచ్చిన రోజు, వేగం గడి దగ్గర ఆయన పెన్ను ఆగింది. తయారీవాళ్ళ కాగితం ఏదమ్మా అన్నారు. అది పై అంతస్తులో ఉంది, ఆయనకేమో కంటి డాక్టరు దగ్గరికి టైమవుతోంది. చూశాను మాస్టారూ, సరిపోయింది అన్నాను. ఆయన నా వైపు చూసి టిక్కు పెట్టారు.

13, గురువారం

మీ పుల్లీల సైజు ఎంత అన్నయ్యా అని నిన్న భోజనాల దగ్గర మాటల్లో పెట్టి అడిగాను. మా చెల్లెలికి నా మిషను మీద ప్రేమ పుట్టిందని వదినతో ఒకటే వేళాకోళం. ఈ రోజు స్టోర్సులో ఉన్న స్పేరు పుల్లీలను టేపు పెట్టి కొలిచి, డ్యూటీ పుస్తకంలో రాసుకుని వచ్చి చదివాడు. మోటారుది నాలుగు వందల యాభై మిల్లీమీటర్లు, ఫ్యానుది మూడు వందలు.

ఒకటికి ఒకటిన్నర. కానీ అవి స్పేరువి. అసలువి అదే సైజులో ఉండాలని లేదు. పైగా వాళ్ళ టేపు పాతది, మొదట్లో రెండంగుళాలు చిరిగిపోయిందని తనే చెప్పాడు.

ఈ రోజు ఎనభై ఐదు శాతం. మెట్ల కింద కేక లేదు. మేడ మీదికి వచ్చి నాణెం నా టేబులు మీద పెట్టాడు. మూడుసార్లు పెట్టాను, పడిపోతోంది అన్నాడు. నా వైపు ఏదో చెప్తానన్నట్టు చూశాడు. కొత్త మిషను కదా, సర్దుకుంటుందన్నాను.

నా గొంతు మామూలుగానే ఉంది. అది చూసే భయమేసింది.

14, శుక్రవారం

అన్నయ్యకి మెమో ఇచ్చారు. దిమ్మె ఊగుతోందంటే పునాది బోల్టులు సరిగా బిగించలేదని అర్థమట. పదహారు బోల్టులనీ కొలత రెంచితో బిగించి, ఒక్కొక్కదాని మీదా పసుపు రంగు గీత గీసుకున్నాడు అన్నయ్య. ఒక్క గీత కూడా చెదరలేదు. ఆ సంగతి ఫోర్మన్‌కి చెప్పినా చెవికెక్కించుకోలేదు.

భోజనం దగ్గర కంచంలో వేలితో గీస్తూ చెప్పాడు. "డిజైన్లో తప్పుందేమో అన్నాడు మా ఎలక్ట్రీషియను. నేనే నోరు మూయించా. ఆ లెక్క మా చెల్లెలిది, అందులో ఉండదు, ఉంటే నా బోల్టుల్లోనే ఉంటదన్నా."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నేను వెంటనే, లెక్కలో ఏముంటుంది అన్నాను. ఎవరూ నన్నడగలేదు. వదిన తలెత్తి చూసింది. సగం అన్నం కంచంలోనే వదిలి లేచాను.

15, శనివారం

మాస్టారికి చెప్పేద్దామని ఆయన బల్ల దాకా వెళ్ళాను. ఏమ్మా అన్నారు. స్టేప్లరు అడిగి తెచ్చుకున్నాను. నా బల్ల మీద రెండున్నాయి. తేలుకుట్టిన దొంగ కూడా ఇంతకన్నా గట్టిగా అరుస్తాడు.

ఇంటికొచ్చి సీలింగు ఫ్యాను మూడులో పెట్టి చూశాను. ఊగింది. ఐదులో పెట్టాను. ఆగింది. వాళ్ళ ఫ్యానూ అంతే కావచ్చు. ఇప్పుడు మూడు దగ్గర ఉంది. పూర్తి వేగానికి వెళ్తే దాటిపోతుంది, అన్నీ సర్దుకుంటాయి. దాటిపోతే చాలు.

1450, 1470. దాటడానికి అక్కడ చోటు లేదు. నాకు తెలుసు. అయినా ఐదులో పెట్టుకుని చాలాసేపు దాని కిందే కూర్చున్నాను.

16, ఆదివారం

రేపు చెప్తాను.

ఉద్యోగం పోతే పోతుంది. మాస్టారి పేరు ఏమవుతుందో. ముప్ఫై ఏళ్ళు.

రేపు తప్పకుండా.

17, సోమవారం

మధ్యాహ్నం మూడింటికి వదిన ఫోను చేసింది. ఆసుపత్రికి రమ్మంది. ఎందుకని అడగలేదు నేను. ఎందుకో తెలిసిన మనిషి అడగదు.

తొంభై రెండు శాతానికి పెంచారట. ఆ కుదుపుకి బెల్టు మీద ఉన్న కాపు రేకు బోల్టు తెగి ఎగిరింది. అన్నయ్య ఎడమ కనుబొమ్మ మీద తగిలింది. ఆరు కుట్లు. ఇంకో అంగుళం కిందికైతే కన్ను పోయేదన్నాడు డాక్టరు. నేను గోడకానుకుని నిలబడ్డాను.

నన్ను చూసి అన్నయ్య నవ్వబోయాడు, కుట్లు లాగాయి. "ఈసారి బిళ్ళ కాదే, నేనే పడ్డా."

శుక్రవారానికి డ్యూటీలో దిగుతానని అప్పటికే ఫోర్మన్‌కి చెప్పేశాడట. పూర్తి వేగం పెట్టేరోజు తను అక్కడ లేకపోతే బోల్టుల నింద తన మీద ఖాయమైపోతుందని, దిమ్మె పక్కనే నిలబడి పదహారు గీతలూ అందరికీ చూపిస్తానని. వదిన ఎంత చెప్పినా వినడంలేదు. నువ్వైనా చెప్పమ్మాయ్ అని నా చెయ్యి పట్టుకుంది. ఆమె చెయ్యి వెచ్చగా ఉంది.

18, మంగళవారం

ఆఫీసుకి వెళ్ళలేదు. ఆరు కుట్లు. సీలింగు ఫ్యాను వేసుకోలేదు.

19, బుధవారం

చెప్పాను.

పొద్దున్నే వెళ్ళి రెండు కాగితాలూ మాస్టారి ముందు పక్కపక్కన పెట్టాను. ఆయన కళ్ళజోడు మార్చుకుని, వేలు పెట్టి ఒక వరుస చదివి, ఇంకో వరుస చదివి, నా మొదటి పేజీకి వచ్చి ఆగిపోయారు. 980 పక్కన ఆయన ఎర్ర టిక్కు ఉంది. నేను చెప్పాల్సిందేమీ మిగల్లేదు.

"ఆ రోజు చూశానన్నావు."

"అన్నాను మాస్టారూ. చూడలేదు."

"నేనూ చూడలేదు. టిక్కు మాత్రం పెట్టాను," అన్నారు.

తిడితే బాగుండేది. లేచి పెద్దాయన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. పది నిమిషాల్లో ఫ్యాక్టరీకి ఫోను వెళ్ళింది. శుక్రవారం పరీక్ష రద్దు. పక్కన ఉన్న పెద్ద కాంక్రీటు పలకతో కలిపి కట్టి దిమ్మె ఊపు మార్చేదాకా ఎనభై శాతం దాటి తిప్పకూడదు. కొత్త లెక్క మాస్టారే చేస్తారు, నేను తనిఖీ చేయాలి. పెద్దాయన నన్ను ఉద్యోగంలోంచి తీసేస్తారో లేదో ఇంకా చెప్పలేదు. ఆ భయం చిన్నదిగా అనిపించడం చూసి నాకే ఆశ్చర్యంగా ఉంది.

శుక్రవారం అన్నయ్య ఆ దిమ్మె పక్కన నిలబడడు. అది చాలు.

20, గురువారం

అన్నయ్యకి చెప్పాను. కట్టుతో మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. మోటారు వరుస, ఫ్యాను వరుస, పాత లెక్క కాపీ చేయడం, అన్నీ వరసగా చెప్పాను. మధ్యలో అడ్డురాలేదు. అయిపోయాక కట్టు అంచు వేలితో తడుముకుంటూ, బోల్టులు కాదన్నమాట అన్నాడు. కాదన్నాను. మెమో వెనక్కి తీసుకుంటారని కూడా చెప్పాను. తలూపాడు. తర్వాత అడిగాడు.

"నీకెప్పుడు తెలిసింది?"

"మొన్న. నీకు కుట్లు పడ్డాక ఫైలు తీసి చూశాను."

"అదే కదా," అన్నాడు. "ముందే తెలిస్తే నన్నక్కడ నిలబడనిస్తావా."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. కాసేపటికి మళ్ళీ మొదలైంది.

అనుమానం వేరు, తెలియడం వేరు. నాకు ఖాయంగా తెలిసింది కుట్లు పడ్డాకే. అంతకుముందు ఉన్నది అనుమానం. పుల్లీల సంగతి అన్నయ్యకి గుర్తున్నట్టు లేదు.

21, శుక్రవారం

ఈ రోజు పూర్తి వేగం ఉండాల్సిన రోజు. ఎనభై దగ్గర నడిచిందట.

ఆఫీసులో తప్పుల నివేదిక నింపాను. మా దగ్గర దానికొక ఫారం ఉంది. తప్పు ఏమిటి, ఎవరిది, ఎలా జరిగింది, ఎలా సరిచేశారు. అన్నీ దాచకుండా రాశాను, మాస్టారికి అబద్ధం చెప్పిన సంగతి కూడా. చివర్లో తప్పు తెలిసిన తేదీ అని ఒక గడి. 18 అని రాశాను. సోమవారం దెబ్బ తగిలింది, మంగళవారం తెలిసింది, బుధవారం చెప్పాను. చదివితే ఎంత పద్ధతిగా ఉంది.

మాస్టారు ఒక్కొక్క గడీ చూస్తూ, దానికి తగిన కాగితం అడిగి చూసి, టిక్కు పెట్టుకుంటూ వచ్చారు. చివరి గడి దగ్గర పెన్ను ఆగింది.

"ఈ తేదీకి కాగితం ఏదమ్మా?"

"కాగితమేం లేదు మాస్టారూ. నా మాటే."

ఆయన పెన్నుకి మూత పెట్టారు. "మాట మీద ఒకసారి పెట్టాను కదా," అన్నారు. గొంతులో కోపం లేదు. ఆ గడి ఖాళీగా వదిలేసి, సోమవారం చూద్దామని ఫారం నాకే ఇచ్చేశారు.

రాత్రి భోజనాల దగ్గర, మాస్టారికి చాదస్తం ఎక్కువైంది, తేదీకి కూడా కాగితం కావాలంటున్నారని అన్నాను. వదిన మజ్జిగ పోసింది. అన్నయ్య కంచంలోంచి తల ఎత్తలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నారు ఆయన అని కూడా అన్నాను. ఎందుకన్నానో. కాలిన చెయ్యి ఆయనదీ కాదు, నాదీ కాదు.

22, శనివారం

పొద్దున తలుపు తీసేసరికి గడప మీద మడత పెట్టిన చీటీ ఉంది, ఎగిరిపోకుండా దాని మీద నాణెం. అన్నయ్య డ్యూటీ పుస్తకంలోంచి చింపిన కాగితం. అతని కోడిగీతల్లో ఇలా ఉంది: 13వ తేదీ. చెల్లెలు అడిగింది. పుల్లీలు, మోటారు 450, ఫ్యాను 300.

కింద కొత్త ఇంకుతో ఒక వాక్యం. "మీ మాస్టారు కాగితం అడిగారన్నావుగా, ఇదేమైనా పనికొస్తుందేమో చూడు."

గడప మీదే కూర్చుండిపోయాను.

మొన్న మెట్ల మీద నన్ను అడిగినప్పుడే అన్నయ్యకి తెలుసు. నేను పుల్లీల సైజు ఎందుకడిగానో పదో తరగతి తప్పిన మనిషికి కూడా తెలుస్తుంది. తెలిసే, ముందే తెలిస్తే నిలబడనిస్తావా అన్నాడు. నేను అవునో కాదో చెప్పడానికి చోటిచ్చాడు. నేను ఆ చోటులో ఊరుకున్నాను. వదినకీ తెలుసు. గిన్నెల చప్పుడు ఊరికే ఆగదు.

13 అని చెప్పుకున్నా సరిపోతుంది. అన్నయ్య నన్ను అంతవరకే అడిగాడు. చీటీ పట్టుకెళ్ళి ఇస్తే మాస్టారు చూసి, టిక్కు పెడతారు. పుల్లీలు కొలిచాకే తెలిసిందనుకుంటారు, నాకు రెండు రోజులు మిగుల్తాయి.

కానీ 13 కాదు. ఈ పుస్తకంలో వెనక్కి తిప్పి చూశాను. పదకొండో తారీఖు కింద మూడు ముక్కలున్నాయి. ఫైలు తీశాను, మొదటి పేజీ చూశాను, మళ్ళీ పెట్టేశాను. ఇంకేమీ జరగలేదని రాసుకున్నాను. జరిగింది అదే. ఆ రోజు చూసిన క్షణానే నాకు తెలిసిపోయింది, అనుమానం ఒక్క నిమిషం కూడా లేదు. తర్వాత అన్నయ్య అయిదు షిఫ్టులు ఆ దిమ్మె పక్కన నిలబడ్డాడు. సాయంత్రాలు నేను అతని ఎదురుగా కూర్చుని భోజనం చేశాను.

ఇది ఎవరికీ చూపించడానికి రాసింది కాదు. ఆ తేదీకి ఉన్న కాగితం ఇదొక్కటే.

ఫారంలో 18 కొట్టేసి 11 వేశాను. సోమవారం ఈ పుస్తకం మాస్టారి బల్ల మీద పెడతాను, కంటితో చూసి టిక్కు పెట్టుకుంటారు. దానికి ముందు చూడాల్సింది ఆయన కాదు.

కింద అన్నయ్య కట్టు మార్చుకుంటున్నట్టున్నాడు, మెల్లగా మెల్లగా అని వదినని బతిమాలడం వినిపిస్తోంది. చీటీని పదకొండో తారీఖు పేజీలో పెట్టాను. అన్నయ్య ఏమంటాడో, అసలేమైనా అంటాడో అనడో.

పుస్తకం తీసుకుని కిందికి వెళ్తున్నాను.